ఎస్, పి, డి, ఎఫ్: నాలుగు అక్షరాల వెనుక చరిత్ర

ఇంటర్మీడియట్‌లో సైన్సు గ్రూపు చదివిన ఏ విద్యార్థినైనా కదిలించి చూడండి. "ఒన్ ఎస్ టూ, టూ ఎస్ టూ, టూ పి సిక్స్, త్రీ ఎస్ టూ..." అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు. ఎస్ తర్వాత పి ఎందుకొచ్చింది, పి తర్వాత క్యూ రావలసింది పోయి డి ఎందుకొచ్చింది, అసలీ అక్షరాలు ఎవరు పెట్టారు అని అడిగితే మాత్రం మొహం తేలేస్తాడు. తప్పు అతనిది కాదు. అతనికి పాఠం చెప్పిన మేష్టారికీ అది ఎవరూ చెప్పలేదు. జటపాఠం, ఘనపాఠం వల్లించే వానికి స్వరం తప్పకపోతే చాలు, అర్థంతో పనిలేదు. మన తరగతి గదుల్లో రసాయనశాస్త్రం కూడా చాలావరకు ఆ పద్ధతిలోనే సాగుతున్నది.

సాహిత్య పత్రికలో ఈ ప్రసంగం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. లక్ష్యం ముందు పుట్టి లక్షణం తర్వాత పుడుతుందని సాహిత్య విద్యార్థులకు తెలుసు. నన్నయ పద్యాలు రాసిన ఆరువందల ఏళ్లకు గాని అప్పకవి లక్షణగ్రంథం రాలేదు. అయినా ఛందస్సును గణాలతో మొదలుపెట్టి, కవులందరూ ఆ గణాలు చూసుకుని పద్యాలు అల్లారన్న భ్రమ కలిగేటట్లు చెప్పటం మనకు అలవాటు. రసాయనశాస్త్రంలోనూ సరిగ్గా ఇదే తలకిందుల వ్యవహారం నడుస్తున్నది. పాఠ్యపుస్తకం ముందు ష్రోడింగర్ సమీకరణం పేరు చెప్తుంది. అందులోంచి క్వాంటం సంఖ్యలు తీస్తుంది. వాటిపైన పౌలీ వర్జన నియమం, ఆ పైన ఎలక్ట్రాన్ విన్యాసాలు పేరుస్తుంది. చిట్టచివర, ఇదంతా చేసినందుకు ఫలితమన్నట్లు, ఆవర్తన పట్టిక ప్రత్యక్షమవుతుంది. చరిత్ర నడిచిన వరస దీనికి పూర్తిగా వ్యతిరేకం. మెండలీవ్ పట్టిక 1869 నాటిది. అప్పటికి ఎలక్ట్రాన్ అన్న మాటే లేదు. విన్యాసాల తొలి జాబితా 1913లో వచ్చింది. పౌలీ నియమం 1925లో, ష్రోడింగర్ సమీకరణం అందరికంటే ఆఖరున 1926లో వచ్చాయి. పునాది అని మనం చెప్పుకునేది నిజానికి ఇంటికప్పు పడిన తర్వాత కిందికి తోసిన రాయి. ఈ తలకిందుల వరసలో మరుగున పడిపోయేది మనుషులూ, వాళ్ల శ్రమా, వాళ్ల తగాదాలూ.

అక్షరాల సంగతి ముందు చూద్దాం. కథ జర్మనీలో ఒక గాజుపనివాడి ఇంట్లో మొదలవుతుంది. జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ 1787లో పుట్టాడు. పదకొండేళ్లకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని మ్యూనిక్‌లో అద్దాలు చేసే యజమాని దగ్గర పనికి కుదిరాడు. యజమాని ఆ కుర్రవాణ్ణి చదువుకోనివ్వలేదు. 1801లో ఆ ఇల్లు కూలి, శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడితే, చూడవచ్చిన రాజు జాలిపడి ఇచ్చిన డబ్బుతో స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. ఒక ప్రమాదం జరిగితే తప్ప చదువుకునే వీలు దొరకని వర్గం నుంచి వచ్చిన మనిషి అతను. దూరదర్శినుల కోసం మేలురకం గాజు పోస్తూ, ఆ గాజును పరీక్షించటానికి సూర్యకాంతిని పట్టకంలోంచి పంపి చూసినప్పుడు, ఏడు రంగుల పట్టీకి అడ్డంగా వందలాది నల్లని గీతలు కనిపించాయి. 1814లో వాటిని ఓపికగా కొలిచి, ముఖ్యమైన వాటికి ఏ, బి, సి, డి అని గుర్తులు పెట్టాడు. పసుపు రంగు మధ్య ఉన్న గీత డి. దగ్గరగా చూస్తే అది ఒక గీత కాదు, పక్కపక్కనే రెండు. ఈ జంటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నూట పదకొండేళ్ల తర్వాత నాలుగో క్వాంటం సంఖ్య దీనిలోంచే బయటికి వస్తుంది. ఫ్రౌన్‌హోఫర్ అంతకాలం బతకలేదు సరిగదా, నలభయ్యో ఏడు కూడా చూడకుండా 1826లో క్షయతో పోయాడు.

హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్‌లు 1859, 60లలో ఆ డి గీత సోడియం సంతకమని తేల్చారు. ప్రతి మూలకానికీ తనదైన గీతల వరస ఉంటుందని తెలిసిన తర్వాత యూరప్ ప్రయోగశాలల్లో ఒక కొత్తరకం పని పుట్టింది. చీకటి గదిలో కూర్చుని, ఫొటో పలకల మీద పడిన గీతల స్థానాలను మిల్లీమీటరులో చిన్న భాగాల దాకా కొలవటం ఆ పని. కళ్లు పోయే పని. కీర్తి తెచ్చే పని కాదు. ఈ కొలతలు లేకపోతే క్వాంటం సిద్ధాంతానికి వివరించవలసిన విషయమే ఉండేది కాదు. మన వాల్తేరులో కూడా ఈ కృషి జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రంగధామరావు వర్ణపట శాస్త్ర పరిశోధనకు పునాది వేసి, ఒక శిష్యవర్గాన్నే తయారుచేశాడు. పాఠ్యపుస్తకంలో విన్యాసాలు బట్టీపట్టే మన పిల్లలకు ఆ పేరు కూడా చెప్పాలి.

కేంబ్రిడ్జిలో లివింగ్, డ్యూవర్ అనే ఇద్దరు క్షారలోహాల గీతలను పరిశీలిస్తూ, కొన్ని పదునుగా, కొన్ని అంచులు చెదిరిపోయి మసకగా, ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయని రాశారు. స్వీడన్‌లో రిడ్‌బర్గ్ 1890 ప్రాంతంలో ఆ గీతలను శ్రేణులుగా విడదీశాడు. పదునైన శ్రేణి షార్ప్, ముఖ్యమైన శ్రేణి ప్రిన్సిపల్, చెదిరిన శ్రేణి డిఫ్యూజ్. తర్వాత ఎర్రరంగుకు అవతల దొరికిన మరో శ్రేణి లెక్క హైడ్రోజన్ లెక్కకు బాగా దగ్గరగా ఉండటం చూసి దానికి ఫండమెంటల్ అని పేరు పెట్టారు. ఎస్, పి, డి, ఎఫ్ అంటే ఇంతే. ఆ తర్వాత విశేషణాలు కరువై, అక్షరమాల వరసలో జి, హెచ్ అనుకుంటూ పోయారు. ఈ అక్షరాలు ఆర్బిటాళ్ల ఆకారాలను చెప్పవు, ఎలక్ట్రాన్ గుణాలను చెప్పవు. ఫొటో పలక మీద గీత ఎట్లా కనిపించిందో చూసినవాడి కంటికి తోచిన మాటలవి. ఎఫ్ ఆర్బిటాల్‌లో మౌలికమైనదేదీ లేదు. ఎస్ ఆర్బిటాల్‌లో పదునూ లేదు. అసలు సంగతి పోయి పేరు మాత్రం మిగిలిపోవటం భాషలో కొత్త విషయం కాదు గదా.

బాల్మర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడతను. అరవయ్యో ఏట, 1885లో, హైడ్రోజన్ గీతల తరంగదైర్ఘ్యాలు నాలుగింటిని ముందు పెట్టుకుని, అవి పూర్ణసంఖ్యల వర్గాలతో సాగే ఒక చిన్న సూత్రానికి లొంగుతాయని చూపాడు. ఎందుకు లొంగుతాయో అతనికి తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 1913 ఆరంభంలో, హాన్సెన్ అనే వర్ణపట పరిశోధకుడు గుర్తుచేస్తే గాని నీల్స్ బోర్ దృష్టి ఆ సూత్రం మీదికి పోలేదు. దానితో బోర్ పరమాణు నమూనా రూపుకట్టింది. సూత్రంలోని పూర్ణసంఖ్యే మొదటి క్వాంటం సంఖ్య అయింది. సంఖ్య ముందు కొలతల్లో ఉన్నది. అర్థం తర్వాత వచ్చింది.

ఆ 1913 వ్యాసాల్లోనే బోర్ మూలకాలకు విన్యాసాలు కూడా ఇచ్చాడు. ఆ జాబితాను ఇప్పుడు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లిథియానికి 2, 1. కార్బన్‌కు 2, 4. ఇంతవరకు మనకు తెలిసినదే. ఏడో మూలకం నైట్రోజన్ దగ్గర మాత్రం లోపలి వలయం ఉన్నట్టుండి 4 అయి, వెలుపల 3 మిగిలింది. కారణం స్పష్టం. నైట్రోజన్ సంయోజకత మూడని రసాయనశాస్త్రజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. వెలుపల మూడు ఎలక్ట్రాన్లు ఉండాలి కాబట్టి మిగిలిన నాలుగింటినీ లోపలికి సర్దాడు. గణితం ఇచ్చిన ఫలితం కాదది. అమోనియా ఇచ్చిన ఫలితం. దీన్ని మోసమని నేననటం లేదు. తెలిసిన వాస్తవాన్ని పట్టుకుని తెలియనిదాని వైపు వెళ్లటం మంచి శాస్త్రపద్ధతే. ఇట్లా సంపాదించిన దాన్ని తర్వాతి తరం పుస్తకాలు సిద్ధాంతం నుంచి రాలిపడినట్లు చెప్పటం దగ్గరే పేచీ.

తర్వాతి రెండు సంఖ్యలు యుద్ధం నడుమ పుట్టాయి. సోమర్‌ఫెల్డ్ 1915, 16లలో కక్ష్యలను వృత్తాల నుంచి దీర్ఘవృత్తాలకు విస్తరించి రెండో సంఖ్యను, కక్ష్య తలం ఏ దిశకు వాలిందో చెప్పటానికి మూడోదాన్ని తెచ్చాడు. ఇదే పనిలో విద్యుత్ క్షేత్రం గీతలను ఎట్లా చీలుస్తుందో లెక్కగట్టిన కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ జర్మన్ సైన్యంలో రష్యా వైపు యుద్ధరంగానికి వెళ్లి, రోగం పట్టుకుని 1916 మేలో చనిపోయాడు. ఎదుటి పక్షాన మోస్లే. ఎక్స్ కిరణాలతో ప్రతి మూలకానికీ ఒక వరస సంఖ్య ఉన్నదని 1913, 14లలో తేల్చిన ఇరవై ఏడేళ్ల ఇంగ్లీషు యువకుడు. 1915 ఆగస్టు 10న గలిపోలిలో తుపాకిగుండుకు బలయ్యాడు. సామ్రాజ్యాల పంపకాల తగవులో రెండు శిబిరాలూ ఎవరిని పోగొట్టుకున్నాయో ఈ రెండు పేర్లు చాలు తెలుసుకోవటానికి.

మోస్లే సంఖ్యల వరసలో కొన్ని ఖాళీలు మిగిలాయి. వాటిలో ఒకటి 72. ఈ ఖాళీ కథ కొంచెం వివరంగా చెప్పదగినది, ఎందుకంటే క్వాంటం సిద్ధాంతపు విజయగాథల్లో దీనికి పెద్దపీట వేస్తారు. పుస్తకాల్లో కథ ఇట్లా ఉంటుంది. 72వ మూలకం విరళ మృత్తికల జాతిదని అందరూ అనుకున్నారు. ఫ్రాన్సులో ఉర్బేన్ ఆ మృత్తికల్లోనే దాన్ని కనుగొన్నానని చెప్పి సెల్టియం అని పేరు కూడా పెట్టాడు. బోర్ ఒక్కడు, తన సిద్ధాంతం ప్రకారం విరళ మృత్తికలు 71తో ముగియాలనీ, 72 జిర్కోనియం చుట్టమనీ చెప్పాడు. కోపెన్‌హాగెన్‌లో కోస్టర్, హెవెషీలు జిర్కోనియం ఖనిజాల్లో వెదికితే అది దొరికింది. 1922 డిసెంబరు 11న స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ బోర్ ఆ వార్త ప్రకటించాడు. కోపెన్‌హాగెన్ లాటిన్ పేరు మీదుగా ఆ మూలకం హాఫ్నియం అయింది.

ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే కొంత మింగేశారు. 1914లోనే ఉర్బేన్ తన నమూనాలు పట్టుకుని మోస్లే దగ్గరికి వెళ్తే, ఎక్స్ కిరణాల్లో 72 జాడ కనిపించలేదు. అదీగాక 72 జిర్కోనియం కిందికి చేరుతుందని ఊహించిన రసాయనశాస్త్రజ్ఞులు అంతకు ముందే ఉన్నారు. వేల్స్‌లోని ఎబరిస్ట్‌విత్ కాలేజీలో చార్లెస్ బ్యూరీ అనే రసాయనశాస్త్రజ్ఞుడు 1921లో, క్వాంటం సిద్ధాంతం ఊసెత్తకుండా, మూలకాల రసాయనిక గుణాలనే ఆధారం చేసుకుని విన్యాసాలు నిర్ణయించాడు. లోపలి కర్పరాలు 8 నుంచి 18కి, 18 నుంచి 32కి పెరగగలవన్నాడు. 72వ మూలకం దొరికితే దాని వెలుపలి కర్పరంలో 4 ఎలక్ట్రాన్లు ఉంటాయనీ, అది జిర్కోనియాన్ని పోలి ఉంటుందనీ రాశాడు. బోర్ విన్యాసాల్లో కూడా ఎక్కువ భాగం రసాయనిక గుణాలనూ వర్ణపటాలనూ చూసి సర్దినవే. నోబెల్ వేదిక మీద ప్రకటన చేసినవాడి పేరు ప్రపంచానికి తెలిసింది. చిన్న కాలేజీ మేష్టారి పేరు శాస్త్రచరిత్ర తవ్వేవారికి మాత్రమే మిగిలింది.

హాఫ్నియం మనకేమీ పరాయిది కాదు. మన కోస్తా ఇసుకలో జిర్కాన్ గింజలున్నాయి. జిర్కాన్ ఉన్నచోటల్లా కొద్దిపాటి హాఫ్నియం ఉండి తీరుతుంది. హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అణు రియాక్టర్ల ఇంధనానికి తొడుగు గొట్టాలు జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు. ఆ జిర్కోనియంలో హాఫ్నియం మిగిలితే పనికిరాదు, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. రెండింటి వెలుపలి ఎలక్ట్రాన్ల అమరిక ఒక్కటే, పరిమాణమూ దాదాపు ఒక్కటే కావటంతో వాటిని విడదీయటం కష్టమైన పని. హాఫ్నియం 1922 దాకా ఎవరి కంటా పడకుండా దాక్కోగలగటానికి కారణమూ ఆ పోలికే.

బోర్ విన్యాసాల్లో ఒక పెద్ద లోపం మిగిలింది. రెండో కర్పరంలోని 8ని అతను 4, 4గా, మూడోదానిలోని 18ని 6, 6, 6గా సమంగా పంచాడు. అందంగా ఉంది, కాని తప్పు. దాన్ని 1924లో ఇద్దరు విడివిడిగా సరిదిద్దారు. ఒకడు మెయిన్ స్మిత్ అనే ఇంగ్లీషు రసాయనశాస్త్రజ్ఞుడు. రెండోవాడు కేంబ్రిడ్జి పరిశోధక విద్యార్థి, మధుమేహంతో బాధపడుతూ చదువుకుంటున్న ఎడ్మండ్ స్టోనర్. రెండో కర్పరం 2, 6. మూడోది 2, 6, 10. మనం ఇవాళ వల్లించే అంకెలు ఇవే. మెయిన్ స్మిత్ పరిశ్రమల రసాయనిక పత్రికలో రాశాడు, భౌతికశాస్త్రజ్ఞులు దాన్ని తెరిచి చూడలేదు. స్టోనర్ వ్యాసాన్ని సోమర్‌ఫెల్డ్ తన ప్రసిద్ధ గ్రంథం కొత్త ముద్రణ పీఠికలో ప్రస్తావించాడు. ఆ పీఠిక చదివి ఉల్ఫ్‌గాంగ్ పౌలీ గ్రంథాలయానికి పరుగెత్తాడు.

పౌలీకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. అయస్కాంత క్షేత్రంలో సోడియం పసుపు జంటలో ఒక గీత నాలుగుగా, రెండోది ఆరుగా ఎందుకు చీలుతుందో తెలియక రెండేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. అప్పటికున్న మూడు సంఖ్యలతో ఈ చీలికలు లెక్కకు రావు. స్టోనర్ అంకెలు చూడగానే విషయం తట్టింది. ప్రతి ఎలక్ట్రాన్‌కూ రెండే విలువలు తీసుకునే నాలుగో సంఖ్య ఒకటి ఇచ్చి, ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు సంఖ్యలూ ఒకటిగా ఉండరాదు అంటే చాలు, 2, 6, 10, 14 అన్నీ వాటంతట అవే వస్తాయి. ఇదే వర్జన నియమం. ఈ నాలుగో సంఖ్య ఏమిటంటే మాత్రం పౌలీ ఏ బొమ్మా గీయలేదు. పాత భౌతికశాస్త్రపు మాటల్లో చెప్పటానికి వీలుకాని ద్వంద్వం అని ఊరుకున్నాడు. ఎందుకు ఈ నియమం అన్న ప్రశ్నకు తర్కబద్ధమైన కారణం చూపలేకపోయానని ఇరవై ఏళ్ల తర్వాత నోబెల్ ఉపన్యాసంలో కూడా అతనే చెప్పుకున్నాడు. పాఠ్యపుస్తకంలో ఆ వినయం కనిపించదు.

ఇక్కడ అధికారం చేసిన ఒక చిన్న హింస గురించి చెప్పాలి. 1925 జనవరిలో ట్యూబింగెన్‌కు వచ్చిన ఇరవై ఏళ్ల రాల్ఫ్ క్రోనిగ్ పౌలీ ఉత్తరం చదివి, ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను బొంగరంలా తిరుగుతున్నదనుకుంటే ఆ నాలుగో సంఖ్య తేలిపోతుందని ఒక్క సాయంత్రంలో లెక్కగట్టాడు. పౌలీకి చెప్పాడు. ఊహ తెలివైనదే, ప్రకృతి మాత్రం అట్లా లేదు అని పౌలీ కొట్టిపారేశాడు. కుర్రవాడు కాగితాలు మడిచి లోపల పెట్టుకున్నాడు. అదే ఏడాది శరత్కాలంలో హాలండులోని లైడెన్‌లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే మరో ఇద్దరు యువకులు అదే ఊహ చేశారు. వాళ్ల గురువు ఎరెన్‌ఫెస్ట్ ఆ వ్యాసాన్ని పత్రికకు పంపాడు. వృద్ధుడైన లోరెంట్జ్ లెక్కచూసి, అట్లాగైతే ఎలక్ట్రాన్ ఉపరితలం కాంతికంటే వేగంగా తిరగాలి గదా అన్నాడు. బెదిరిపోయి వ్యాసం వెనక్కి తీసుకుందామని వాళ్లు గురువు దగ్గరికి పరుగెత్తారు. అది ఎప్పుడో వెళ్లిపోయిందనీ, మీ వయసులో ఒక తెలివితక్కువ పని చేసినా ఫరవాలేదనీ ఎరెన్‌ఫెస్ట్ సముదాయించాడు. లెక్కలో రెండింతల తేడా ఒకటి పీడిస్తుంటే 1926లో థామస్ దాన్ని పరిష్కరించాడు. ఆ తర్వాత పౌలీ ఒప్పుకున్నాడు. ఇద్దరు గురువుల మాటతీరులో ఎంత తేడా ఉన్నదో, ఆ తేడా ఇద్దరు శిష్యుల చరిత్రను ఎట్లా మార్చిందో యువకుల రాతలను తూచే మన పీఠాధిపతులు కూడా కాస్త ఆలోచించాలి. పౌలీకి 1945 నోబెల్ బహుమతి వచ్చింది. క్రోనిగ్‌కు సరే, ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్‌లకు కూడా అది రాలేదు.

తమాషా ఏమంటే లోరెంట్జ్ ఆక్షేపణ సరైనదే. ఎలక్ట్రాన్ బొంగరంలా తిరగటం లేదు. స్పిన్ అన్న మాట నిలిచింది, తిరగటం పోయింది. తెలుగులో కొందరు దీన్ని భ్రమణం అని అనువదించి విద్యార్థిని పాత బొమ్మలోకే తోశారు. స్పిన్ అని వదిలేసినవారే నయం. అట్లాగే ఆర్బిటాల్. 1932లో మల్లికెన్ ఆ మాటను కల్పించింది కక్ష్య కాదని చెప్పటానికే. దాన్ని మళ్లీ కక్ష్య అంటే ఆ పనంతా వృథా. తెలుగు మాట మీద మమకారం ఉన్నవాడుగానే ఈ మాట అంటున్నాను.

1926లో ష్రోడింగర్ సమీకరణం మొదటి మూడు సంఖ్యలకు ఒకే మూలం చూపింది. నాలుగోది అందులోంచి రాదు. 1928లో డిరాక్ సమీకరణం దాకా ఆగవలసి వచ్చింది. అయితే పాఠ్యపుస్తకం అన్నీ ఒక్క సమీకరణం కడుపులోంచి పుట్టినట్లే చెప్తుంది.

మిగిలింది ఆఫ్‌బౌ నియమం. ఆఫ్‌బౌ అనే శాస్త్రజ్ఞుడి నియమమని నమ్మే విద్యార్థులు కోకొల్లలు. అది మనిషి పేరు కాదు. జర్మన్ భాషలో పేర్చుకుంటూ కట్టటం అని అర్థం. ఏ ఆర్బిటాల్ తర్వాత ఏది నిండుతుందో చెప్పే ఏటవాలు బాణాల పటం అందరికీ కంఠోపాఠమే. మొదటి రెండు సంఖ్యల మొత్తం ఎక్కడ తక్కువైతే అది ముందు. 1936లో మాడెలుంగ్ పేరుతో అచ్చయిన ఈ సూత్రం అనుభవం నుంచి ఏరుకున్నది. పౌలీ నియమం కర్పరం ఎంత పడుతుందో చెప్తుంది గాని, మూడో వరసలో 18 కాక 8 మూలకాలే ఎందుకున్నాయో చెప్పదు. ఆవర్తన పట్టిక ఆకారం నిలబడింది ఈ బాణాల మీద. వీటిని మౌలిక సిద్ధాంతం నుంచి ఎవరూ రాబట్టలేదని స్వీడన్ క్వాంటం రసాయనికుడు లోవ్‌డిన్ 1969లో ఎత్తిచూపాడు.

బాణాలు చెప్పే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 4ఎస్ ముందు నిండుతుంది, అయాన్ అయ్యేటప్పుడు 4ఎస్ ముందు ఖాళీ అవుతుంది అని ఒకే పేజీలో చదివి, ఇదెట్లా కుదురుతుందని ఆగి అడిగిన విద్యార్థికి మన దగ్గర సాధారణంగా దొరికే జవాబు, పరీక్షలో అట్లాగే రాయమని. నిజానికి స్కాండియం నుంచి రెండు ఎలక్ట్రాన్లు తీసివేస్తే వెలుపల మిగిలే ఒక్కటీ 3డిలోనే ఉంటుంది. అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోతే 3డి ముందు, 4ఎస్ తర్వాత. బాణాల పటం పక్కపక్క మూలకాలను పోల్చటానికి పనికొస్తుంది గాని, ఒక పరమాణువు ఎట్లా నిండుతుందో చెప్పదు. క్రోమియం దగ్గర సగం నిండిన డి ఉపకర్పరానికి ప్రత్యేక స్థిరత్వం ఉందంటారు. ఆ మాట మీదే నిలబడి క్రోమియం నుంచి కిందికి దిగితే మాలిబ్డినం దగ్గర సరిపోతుంది. ఇంకో మెట్టు దిగితే టంగ్‌స్టన్. దాని విన్యాసం 5డి నాలుగు, 6ఎస్ రెండు.